పాము కరిచి ప్రభుత్వాసుపత్రిలో ఐదు రోజులున్నాను, అక్కడ ఎలా ఉంటుందో చెప్తాను

మీ దగ్గర్లో ప్రభుత్వాసుపత్రిలో ఎప్పుడైనా పేషెంటుగా ఉన్నారా, వైద్యం, సౌకర్యాలు ఎలా ఉన్నాయి అని అడిగారు. ఉన్నాను. ఒక్క మాటలో చెప్పాలంటే వైద్యం వాళ్లు చూసుకుంటారు, మిగతావన్నీ మనం చూసుకోవాలి. ఆసుపత్రి పేరు మాత్రం రాయను, అక్కడ నన్ను బతికించినవాళ్లు ఇంకా పనిచేస్తున్నారు.

మాది అనంతపురం వైపు ఒక పల్లె. రెండేళ్ల కిందట చీకటి పడుతుండగా చెనక్కాయ కట్టె వామి వేస్తుంటే చీలమండ పైన ఏదో గుచ్చుకుంది. ముల్లు అనుకున్నా. మంట ఆగకపోయేసరికి తమ్ముడు ఫోన్ లైటు వేసి చూస్తే రక్తపింజర, లావుగా, కదలకుండా అక్కడే ఉంది. పది నిమిషాల్లో కాలు ఉబ్బడం మొదలైంది. మా పెద్దమ్మ పక్క ఊళ్లో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపొమ్మని ఒకటే గొడవ, ఆయన చెయ్యి పడితే ఇంతవరకూ ఎవరూ పోలేదట. (విషం లేని పాము కరిచినవాళ్లూ ఆయన లెక్కలోనే ఉంటారు మరి.) 108కి ఫోన్ చేస్తే బండి వేరే కేసు మీద ఉంది, అరగంట పడుతుందన్నారు. ఆగలేక తమ్ముడు బైకు తీశాడు, నన్ను మధ్యలో కూర్చోబెట్టి వెనక మా చిన్నాన్న కొడుకు పట్టుకున్నాడు, 22 కిలోమీటర్లు.

క్యాజువాలిటీలో ఉన్న డాక్టరమ్మకి పాతికేళ్లు దాటి ఉంటాయో లేదో. నా మోకాలి కింద తువ్వాలు బిగించి కట్టి ఉండటం చూసి "ఎవరయ్యా ఇది కట్టింది, కాలు తీసేయాలనుకున్నారా?" అని ముందు తిట్టింది, తర్వాత మెల్లగా వదులు చేసింది. ఈ రకం పాముకి గట్టిగా కడితే విషమంతా ఒకేచోట ఉండి అక్కడి కండ ఇంకా పాడవుతుందట. కొద్దిగా రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, ఎవరూ ముట్టుకోకుండా 20 నిమిషాలు పక్కన పెట్టించింది. ఆ 20 నిమిషాలు నా జన్మలో అంత పొడుగ్గా ఎప్పుడూ గడవలేదు. తర్వాత గొట్టం వంచితే రక్తం నీళ్లలా జారింది. గడ్డ కట్టలేదంటే విషం ఒంట్లోకి ఎక్కిందన్నమాట. ఇంత పెద్ద విషయం తేల్చడానికి మెషీనూ అక్కర్లేదు, స్కానింగూ అక్కర్లేదు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

విషానికి విరుగుడు ఇంజెక్షన్ 10 వయల్స్ వేయాలన్నారు. అది పొడి రూపంలో వస్తుంది, నీళ్లు కలిపి కరిగించాలి, గట్టిగా కుదిపితే నురగ వస్తుందని నైట్ డ్యూటీ సిస్టర్ ఒక్కో సీసానీ రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ కూర్చుంది. అన్నీ ఒక సెలైన్‌లో కలిపి ఎక్కించారు. కాసేపటికి నాకు చలి, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. గుర్రాల రక్తం నుంచి తీసే మందు కాబట్టి కొందరికి పడదట. వెంటనే ఆపేసి తొడకి వేరే ఇంజెక్షన్ వేసి, తగ్గాక మళ్లీ నిదానంగా మొదలుపెట్టారు. ఆరు గంటల తర్వాత మళ్లీ అదే గాజు గొట్టం పరీక్ష, అప్పటికీ గడ్డ కట్టలేదు, ఇంకో 10. తెల్లారాక చేసిన పరీక్షలో కట్టింది. ఇరవై వయల్స్‌కీ మమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు. కిడ్నీలు దెబ్బతింటాయేమోనని ఐదు రోజులూ మూత్రం కొలిచి రాసుకున్నారు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఒక రోజు పెరిగింది, తర్వాత దిగింది.

ఇక సౌకర్యాలు. స్ట్రెచర్ తోసినతను వంద అడిగాడు, యాభైకి ఒప్పుకున్నాడు. బెడ్డు మీద దుప్పటి లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్నాం. ఫ్యాను తిరిగేది కానీ గాలి పక్క బెడ్డు వాళ్లకి వెళ్లేది. బాత్రూమ్ గురించి వివరంగా రాస్తే మీరు అన్నం తినలేరు, వాపు కాలితో కుంటుతూ ఆ తడిలోకి వెళ్లడమే నాకు పాముకంటే ఎక్కువ టెన్షన్. రెండో రోజు తమ్ముడే బ్లీచింగ్ కొనుక్కొచ్చి కడిగాడు, దాంతో వార్డులో అందరూ అతన్ని స్టాఫ్ అనుకుని పిలవడం మొదలుపెట్టారు! భోజనం ఫర్వాలేదు, పొద్దున బ్రెడ్డు, పాలు, మధ్యాహ్నం అన్నం, సాంబారు, గుడ్డు.

డాక్టర్లు మాట్లాడరు అంటారు కదా, అది సగం నిజం. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి బెడ్డుకి నిమిషం కూడా నిలబడలేదు. కానీ మొదటి రాత్రి ఆ చిన్న డాక్టరమ్మ మూడుసార్లు లేచి వచ్చి చూసింది, నాకు గుర్తున్నంతవరకే మూడు.

ప్రైవేటుకి మార్చమని బంధువులు ఫోన్లు చేశారు. పాముకాటు కేసుల్ని మా టౌన్లో ప్రైవేటువాళ్లే అక్కడికి పంపడం నేను కళ్లారా చూశాను, అందుకే కదల్లేదు. పాముకాటయితే నేరుగా అక్కడికే పొండి, పాముని చంపి తేవాల్సిన పని లేదు, మన దగ్గర ఎక్కువగా కరిచే నాలుగు రకాల విషపాములకీ ఒకటే మందు. కానీ తోడుగా కాళ్లూ చేతులూ ఆడే మనిషి ఒకడు ఉండాలి, చీటీ రాయించడానికి, ల్యాబుకి పరిగెత్తడానికి, ఆధార్ జిరాక్స్ తీయించడానికి. ఒంటరిగా వచ్చిన ముసలాయన పక్క బెడ్డులో ఉండేవాడు, ఆయన రిపోర్టులు కూడా మా తమ్ముడే తెచ్చాడు.

ఐదు రోజులకి మా జేబులోంచి పోయింది 1,900 చిల్లర. ఇడ్లీలు, టీలు, జిరాక్సులు, స్ట్రెచర్ యాభై, బ్లీచింగ్, వాళ్లకీ వీళ్లకీ బైకు పెట్రోలు. మందులకి ఏమీ లేదు.