పిల్లల పుస్తకానికి చేతికి తగిలే కవర్: ఎంబాసింగా, స్పాట్ యూవీనా, వెల్వెట్టా?

ఆరేడేళ్ల పిల్లల కథల పుస్తకానికి ఈ మూడింట్లో ఏది చేయించాలని అడిగారు. ఎంబాసింగ్ అంటే అట్టను నొక్కి బొమ్మను ఉబ్బెత్తుగా చేయడం, స్పాట్ యూవీ అంటే కావలసిన చోట మాత్రమే వేసే మెరిసే పూత, వెల్వెట్ అంటే అట్ట మీద అతికించే మెత్తటి పల్చని ప్లాస్టిక్ పొర (లామినేషన్). నేను చెన్నైలో పిల్లల పుస్తకాలకు కవర్లు డిజైన్ చేస్తాను. ఏదో ఒక్కటే చేయించండి, అదీ ఎంబాసింగే. మూడూ కలిపి మాత్రం వద్దు.

మొదట్లో నేను అలాగే కలిపాను. మొసలి కథ అది. అట్టంతా వెల్వెట్ లామినేషన్, పేరుకు బంగారు ఫాయిల్, నీళ్ల మీద స్పాట్ యూవీ, మొసలి వీపుకు ఎంబాసింగ్. పెద్దవాళ్లంతా భలే ఉందన్నారు. పెరంబూరులో మా అక్క కూతురి చేతికిస్తే ఫాయిల్ వంక చూడను కూడా చూడలేదు, మొసలి మెడ నుంచి తోక దాకా గోటితో గీసింది, గరగరమని చప్పుడొచ్చేసరికి మళ్లీ గీసింది, చివరికి పుస్తకాన్ని చెవి దగ్గర పెట్టుకుని మరీ గీసింది. ఆ తర్వాత ఎంతమంది పిల్లలకిచ్చి చూసినా వేలు మొదట గరుకు దగ్గరికే వెళ్లింది. వెల్వెట్ ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది నిజమే, కానీ మురుకులు తిన్న చేత్తో పట్టుకుంటే నూనె మరక పోదు.

గరుకు ఎక్కడ ఉండాలన్నది ఇంకా ముఖ్యం. పుస్తకం పట్టుకున్నప్పుడు బొటనవేలు ఎక్కడ ఆగుతుందో అక్కడ పెట్టండి, మడత దగ్గర వద్దు.

ప్రెస్‌లో లామినేషన్ ముందు, ఎంబాసింగ్ తర్వాత చేయమనండి. అట్ట 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉంటే మంచిది. డై, అంటే ఎంబాసింగ్ నొక్కే అచ్చు, ఖర్చు 500 కాపీలకైనా 5,000కైనా ఒకటే, కాబట్టి తక్కువ కాపీలైతే ఒక్కో కాపీకి ఖర్చు ఎక్కువ పడుతుంది. ఇంకోటి, కట్టలు బిగించి ఎత్తుగా పేర్చనివ్వకండి. మా మొసలి వీపు అడుగు కట్టల్లో చదునైపోయింది, అవి విప్పిన రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

డైకి డబ్బు లేకపోతే స్క్రీన్ ప్రింటింగ్ ఉంది, సన్నటి వల గుండా ఇంకును అట్ట మీదికి నెడతారు, ఇంకు మందంగా పడి వేలికి తెలుస్తుంది. చెన్నై తిరువాన్మియూరులో తారా బుక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసిన పుస్తకాలు ఉంటాయి, ఒకసారి వెళ్లి ముట్టుకుని చూడండి. పూసలు, బట్ట ముక్కలు అతికించే ఆలోచన ఉంటే మానేయండి, ఇంట్లో మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లో ఉంటే పీకి నోట్లో పెట్టుకుంటారు.

డై చేయించే ముందు మామూలు ప్రింటవుట్ మీద ఫెవికాల్‌తో గీతలు గీసి, రాత్రంతా ఆరనిచ్చి, మీకు తెలిసిన ఇద్దరు ముగ్గురు పిల్లలకు కళ్లు మూయించి ఇవ్వండి. ఏమీ చెప్పకండి, వేలు ఎటు పోతుందో చూడండి.