అప్పులుంటే డాక్‌యార్డు ఉద్యోగం ఆగిపోతుందా?

ప్రశ్న: మాది పలాస. విశాఖ నేవల్ డాక్‌యార్డులో ట్రేడ్స్‌మన్ పోస్టుకు ఎంపికయ్యాను. జీడిపప్పు వ్యాపారంలో నాన్నగారు నష్టపోయినప్పుడు నా పేరున తీసుకున్న పర్సనల్ లోనుకు నాలుగు నెలలుగా వాయిదాలు కట్టలేదు. ఊళ్లో ఒకరికి నేనిచ్చిన చెక్కు చెల్లకపోవడంతో వారం క్రితం లాయరు నోటీసు కూడా అందింది. పోలీసు విచారణలో ఇవి బయటపడితే ఉద్యోగం పోతుందా? అటెస్టేషన్ ఫారంలో ఏమని రాయాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు బ్యాంకు లోను గురించే ఎక్కువ బెంగపడుతున్నట్టున్నారు గానీ, తొందరపడవలసింది చెక్కు విషయంలో. కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో, అంటే ఉద్యోగంలో చేరేముందు మీ పూర్వాపరాల గురించి నింపి ఇచ్చే పత్రంలో, అప్పెంత ఉందని అడిగే గడి లేదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ జరిగిందా, శిక్ష పడిందా, ఫారం నింపే నాటికి ఏ కోర్టులోనైనా కేసు పెండింగులో ఉందా అన్నవే అక్కడి ప్రశ్నలు. వాయిదాలు తప్పినందుకు మీ సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తారో చూపే మార్కు) దెబ్బతిని ఉంటుంది. మీరు ఎంపికైంది స్టేట్ బ్యాంకు ఉద్యోగానికైతే అదొక్కటే అడ్డుపడేది, ఎందుకంటే రుణం ఎగవేసి, దాన్ని సరిచేసుకోనివారు అర్హులు కారని వారి నియామక ప్రకటనల్లోనే ఉంటుంది.

చెక్కు సంగతి వేరు. అది చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద క్రిమినల్ కేసు అవుతుంది; రెండేళ్ల వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే నోటీసు అందిన 15 రోజుల్లోగా సొమ్ము పూర్తిగా చెల్లిస్తే ఆ సెక్షను వర్తించదు. మీకింకా ఒక వారం గడువుంది. నగలు తాకట్టు పెట్టయినా ఈ బాకీ ముందు తీర్చండి. చేతికి నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపి, ముట్టినట్టు కాగితం రాయించుకోండి. గడువు దాటి కేసు పడినా, ఈ నేరం రాజీకి వీలైనదే; లోక్ అదాలత్‌లో పరిష్కరించుకోవచ్చు.

లాయరు నోటీసు కేసు కాదు కనుక, ఈ రోజు ఫారం నింపితే పెండింగు కేసు లేదని రాయడం అబద్ధం కాదు. కానీ ఫారం ఇచ్చిన తరువాత ప్రాసిక్యూషన్ మొదలైతే వెంటనే తెలియజేయాలని ఆ ఫారం పైనే హెచ్చరిక ఉంటుంది. “విశాఖలో ఎవరు చూస్తారులే” అని సలహా ఇచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారి మాట వినకండి. విచారణ కాగితాలు మీ జిల్లా పోలీసులకే వస్తాయి, కోర్టు కేసు వారికి తెలియకుండా ఉండదు. సమాచారం దాచారని సర్వీసులో ఎప్పుడు తేలినా ఉద్యోగం నుంచి తొలగించవచ్చు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్న విషయాన్ని దాచినప్పుడు క్షమించే విచక్షణ యాజమాన్యానికి ఉందన్నది గానీ, నిజం చెప్పిన అభ్యర్థి పూర్వాపరాలను పరిశీలించే హక్కు కూడా దానికే ఉంచింది. కాబట్టి కేసు పడకముందే తీర్చుకోవడం మేలు.

నాన్నగారి సొంత అప్పులకు, మీరు హామీ సంతకం పెట్టనంతవరకు, మీ బాధ్యత లేదు. మీ పేరున ఉన్న లోనుకు మాత్రం బ్యాంకుకు వెళ్లి, నియామక పత్రం చూపి, వాయిదాలు తగ్గించి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగులకూ వర్తించే 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలోని 17వ నియమం ప్రకారం ఉద్యోగి అలవాటుగా అప్పుల్లో కూరుకుపోకూడదు. బాకీ వసూలుకు ఎవరైనా కోర్టుకెక్కితే ఆ వివరాలన్నీ వెంటనే పై అధికారులకు తెలియజేయాలి.