వినికిడి లేని పాత్ర గురించి ఏం అడగాలి?

ప్రశ్న: నా కథలో ముఖ్య పాత్ర వినికిడి లేని అమ్మాయి. సలహా కోసం బధిరులను కలిస్తే ఏం అడగాలి?

“మీ జీవితం ఎలా ఉంటుంది?” అని మాత్రం అడగకండి. అంత పెద్ద ప్రశ్నకు ఎవరైనా ఏం చెబుతారు? పుట్టుకతోనే వినపడనివాళ్లకు సైగల భాషే మొదటి భాష కావచ్చు. పదేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయినవాళ్లు తెలుగు చక్కగా మాట్లాడొచ్చు. మీ అమ్మాయి ఎవరు? ఏ ఊరు, వినికిడి ఎప్పుడు పోయింది, ఇంట్లో ఎవరికైనా సైగలు వచ్చా? ఇవి ముందు మీరే తేల్చుకోవాలి.

తర్వాత ఒక సన్నివేశం పట్టుకెళ్లండి. “పెళ్లింట్లో పదిమంది ఒకేసారి మాట్లాడుతున్నారు. ఈమె ఎటు చూస్తుంది? ఎప్పుడు అలసిపోతుంది? కరెంటు పోతే ఏం చేస్తుంది?” ఇలా అడిగితే మీరు ఊహించని సంగతులు బయటికొస్తాయి. పెదవులు చూసి అంతా అర్థం చేసుకుంటారని చాలామంది రాసేస్తారు, నాకు అది చాలా బాధగా ఉంటుంది. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు ఒకేలా కదులుతాయి. క, గ నోటి లోపల వెనకవైపు పుడతాయి కాబట్టి దాదాపు కనిపించవు. మిగతాది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది, అది చేతులతో చూపించే తెలుగు కాదు. కాబట్టి ఆమె సంభాషణలు కాగితం మీద ఎలా ఉండాలో కూడా అడగండి.

ఇద్దరు ముగ్గురిని కలవండి, వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి. సైగల దుబాసీని మీరే తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లే దుబాసీలైతే, అమ్మ ముందు చెప్పలేని మాటలు అక్కడే ఆగిపోతాయి.