ఫిజియోథెరపీ చదువుతానన్న మేనకోడలికి

అమ్మలూ,

నీట్ ర్యాంకు చూసి ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుంటే, నువ్వు మాత్రం "అత్తా, నేనూ ఫిజియోథెరపీ చేస్తా" అని మెసేజ్ పెట్టావు. సంతోషమే. కానీ ఎంబీబీఎస్ రాలేదు కదా, ఏదో ఒకటి అనుకుంటే మాత్రం వద్దు. ఇక్కడ మందు రాసి పంపేయడం ఉండదు. ఒక్కో పేషెంటుతో అరగంట, ముప్పావుగంట, అలా వారాలు, నెలలు. నోటిఫికేషన్లు వచ్చేలోగా ఏదైనా ఆసుపత్రి ఫిజియో విభాగంలో అడిగి, కొన్నాళ్ళు ఓ మూల కూర్చుని చూడు. విసుగొస్తే అక్కడితో ఆపెయ్.

బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, ఇన్నాళ్ళూ నాలుగేళ్ళ చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2021లో వైద్య అనుబంధ వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆ తర్వాత తయారైన కొత్త సిలబస్‌లో ఇంటర్న్‌షిప్ ఏడాది చేశారు, మొత్తం ఐదేళ్ళు. ప్రవేశాల రూల్సూ మారుతున్నాయి. మన ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో అయితే కాళోజీ యూనివర్సిటీ. వాటి నోటిఫికేషన్లు నువ్వే చదువు, ఏజెంట్ల మాట వినకు.

కాలేజీకి వెళ్ళినప్పుడు బిల్డింగ్ చూడకు, పేషెంట్లు ఎక్కడున్నారో అడుగు. సొంత ఆసుపత్రి ఉందా, ఓపీ ఎంత, న్యూరో వార్డులోకి, ఐసీయూలోకి స్టూడెంట్లను రానిస్తారా? ఆఫీసులో అన్నిటికీ ఉందనే అంటారు. ఫైనలియర్ పిల్లల్ని క్యాంటీన్‌లో అడుగు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో చదివితే లాభం ఇదే, అన్ని రకాల కేసులూ కళ్ళముందు ఉంటాయి.

ఎందుకింతగా చెబుతున్నానంటే, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి కాలు ఎంత వంగుతోందో గోనియోమీటరుతో, అంటే కీలు కోణం కొలిచే రెండు పుల్లల సాధనంతో, కొలుస్తాం. దాని మధ్యభాగం మోకాలి బయటివైపు ఎముక బుడిపె మీద, ఒక పుల్ల తుంటి పక్క ఎముక వైపు, రెండోది చీలమండ బయటి గుబ్బ వైపు ఉండాలి. అనాటమీ బట్టీ పడితే ఈ ఎముకలు బొమ్మలో దొరుకుతాయి. వాచిన లావుపాటి కాలి మీద దొరకాలంటే ఎన్నో కాళ్ళు తడిమి ఉండాలి. అలాగే పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లోవాళ్ళు చచ్చుబడిన చెయ్యి పట్టుకుని లేపేస్తుంటారు, భుజం కీలు జారుతుంది. ఆ చెయ్యి లాగకుండా ఎలా లేపాలో కొడుక్కీ కోడలికీ నేర్పేది మనమే. సిలబస్‌లో లేకపోయినా, పల్లెటూరి పేషెంటుకి అర్థమయ్యేలా తెలుగు మాట్లాడటం అలవాటు చేసుకో.

ఎంపీటీ, అంటే ఇందులో పీజీ, రెండేళ్ళు. దానికి వెంటనే పరుగెత్తకు, కొంతకాలం ఉద్యోగం చేశాక బ్రాంచి ఎంచుకో. స్పోర్ట్స్ అంటే అందరికీ మోజే, టీములు ఎన్నున్నాయని! న్యూరో, పిల్లల ఫిజియో, కార్డియో కూడా చూడు. మొదట్లో జీతం తక్కువే, ఆ సంగతి మీ నాన్నకి ఇప్పుడే చెప్పెయ్.

అమెరికా ఆలోచన ఉందన్నావు. అక్కడి పిల్లలు డిగ్రీ అయ్యాక డీపీటీ, అంటే ఫిజియోథెరపీలో డాక్టరేట్ కోర్సు, చేస్తారు. మన బీపీటీ దానికి సాటి వస్తుందో లేదో ముందు లెక్క కడతారు, తగ్గిన క్రెడిట్లు నింపుకోవాలి, అక్కడి ఫిజియోల లైసెన్సు పరీక్ష ఎన్‌పీటీఈ పాసవ్వాలి, అప్పుడు రాష్ట్రం లైసెన్సు. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివావో కాగితాలు అడుగుతారు. అందుకే ఏటా సిలబస్ కాపీ దాచుకో, లాగ్‌బుక్‌లో సంతకాలు ఎప్పటికప్పుడు పెట్టించుకో. తర్వాత ఆ సార్లు ఎక్కడుంటారో ఎవరికి తెలుసు!

కాలేజీల లిస్టు పంపు. చూడ్డానికి వెళ్ళే రోజు ముందే చెబితే సెలవు పెట్టి నేనూ వస్తా. ఫీజుల టెన్షన్ ఉంటే మీ నాన్నని నాకు ఫోన్ చెయ్యమను.

అత్త