కరెంటు ఎక్కడిదో ముందు అడుగు

అమ్మాయ్,

హైడ్రోజన్ ప్లాంటు పర్యావరణ ప్రభావం లెక్కగట్టే పని నీకు అప్పగించారన్నావు, సంతోషం. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటావు బాబాయ్ అని అడిగావు కదా, అది నాలుగు రోజుల్లో వచ్చేస్తుందిలే, ముందు కాగితం, పెన్ను తీసుకుని కూర్చో.

ఎలక్ట్రోలైజర్‌తో, అంటే కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రంతో, కిలో హైడ్రోజన్ తీయాలంటే సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. ఆ కరెంటు బొగ్గుదైతే యూనిట్‌కి ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్ చొప్పున 50 కిలోలు గాల్లో కలిసినట్టే. సహజ వాయువు నుంచి పాత పద్ధతిలో తీసినా సుమారు 10 కిలోలే! యంత్రం అదే, తగిలించిన తీగను బట్టి దాని జాతకం మారిపోతుంది. మాకు సోలార్ ఉందండీ అంటారు ప్లాంటు వాళ్లు. రాత్రిపూట యంత్రం ఆపుతారా అని అడుగు, ఏడాది సగటు చూపిస్తే ఒప్పుకోకు, గంటగంటకీ లెక్క ఇవ్వమను.

నీళ్ల సంగతీ అంతే. సమీకరణం ప్రకారం కిలోకి 9 లీటర్లు అని రాసి చేతులు దులుపుకుంటారు, కానీ ఆ నీటిని శుద్ధి చేసేటప్పుడు పోయేదీ, చల్లబరచడానికి వాడేదీ ఎవరి ఖాతాలో వేస్తారు? లీకేజీ కూడా అడుగు. హైడ్రోజన్ స్వయంగా వేడిని పట్టి ఉంచకపోయినా గాలిలో మీథేన్‌ని ఎక్కువకాలం నిలిచేలా చేస్తుంది.

ఇక నా పరువు పోయిన కథ ఒకటి. ఓ కొత్తరకం సోలార్ సెల్ మీద రిపోర్టు రాశాను, ల్యాబ్‌లో ఆ సెల్‌ని వేడిచేసే ఫర్నేస్ కరెంటు మీటర్ రీడింగ్ తీసుకుని దాన్నే చదరపు మీటరు సెల్‌కి ఎంతవుతుందో అని పెంచేశాను, బొగ్గు కంటే ఘోరమని తేలింది. తీరా వెళ్లి చూస్తే బీరువా అంత ఫర్నేస్, లోపల గోరంత సెల్ ఒక్కటే, మిగతాదంతా ఖాళీ! నేను లెక్కగట్టింది సెల్‌ని కాదు, ఖాళీ ఫర్నేస్‌ని. అందుకే ల్యాబ్ అంకెలు దొరికితే ఫ్యాక్టరీలో అదే పని ఎలా చేస్తారో కనుక్కో, తెలియకపోతే ఒక్క అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని రెండు హద్దులు రాయి.

ఇలాంటి లెక్కలు ఎలా కట్టాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలు ఐఎస్ఓ 14040, 14044 చదువు, విసుగొచ్చినా సరే. డ్రాఫ్ట్ నాకు పంపు. దేనికి ఎంత అని పోలుస్తున్నావో, లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మొదటి పేజీలో కనబడకపోతే చదవకుండానే తిప్పి పంపేస్తా.

నీ బాబాయ్