స్మోకర్ లేకపోతే రిబ్స్ ఉడకవా?

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

రిబ్స్ (పంది పక్కటెముకల ముక్కలు) చెయ్యడానికి స్మోకర్, అంటే మాంసాన్ని పొగలో నిదానంగా వండే పొయ్యి, కొనమంటారా అని అడిగావు. వద్దురా. పొగ ఇచ్చేది వాసన మాత్రమే. ముక్క మెత్తబడేది నిదానమైన వేడికి, పైన నిగనిగ వచ్చేది సాస్ కాలడం వల్ల. ఆ రెండూ నీ వంటింట్లో జరిగేవే.

ముందు పోర్క్ రిబ్స్‌ని ఎముకల వైపు తిప్పి చూడు. పల్చటి తెల్లపొర అంటుకుని ఉంటుంది. అది ఎంత ఉడికినా తోలులా సాగుతుంది, మసాలాని పట్టనివ్వదు. చెంచా కాడని ఆ పొర కిందకి దూర్చి లేపు. కొస దొరికాక వట్టి వేళ్లతో లాగితే జారిపోతుంది. పేపర్ టవల్‌తో పట్టుకుని లాగితే చాలాసార్లు ఒక్క ఊపులో మొత్తం ఊడొస్తుంది. చిరిగిపోతే మళ్లీ ఇంకో చోట మొదలుపెట్టు.

ఉప్పు, బ్రౌన్ షుగర్, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన మిరప పొడి) కలిపి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. పొగ వాసన సగం ఆ పాప్రికాతోనే వస్తుంది. మిగతా సగానికి లిక్విడ్ స్మోక్. అదేదో రసాయనం అనుకోకు, కట్టెల పొగని చల్లార్చి నీళ్లలో పట్టిందే. కాకపోతే నాలుగైదు చుక్కలతో ఆపెయ్, ఎక్కువైతే మందుల వాసన కొడుతుంది. వంటింట్లో బొగ్గులు మాత్రం రాజెయ్యకు. కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలొద్దు.

ఫాయిల్‌లో గట్టిగా చుట్టి, 135 డిగ్రీల ఓవెన్‌లో రెండున్నర, మూడు గంటలు. తొందరగా ఉంటే కుక్కర్: అడుగున గ్లాసు నీళ్లు, పైన స్టాండు మీద ముక్కలు, పాతిక నిమిషాలు. ఆవిరి దానంతటదే పోనివ్వు. నీళ్లలో ముంచి ఉడకబెట్టావో, రుచంతా నీళ్లపాలు.

లోపల 63 డిగ్రీలు వస్తే తినడానికి భయం లేదు, కానీ నమలలేవు. ముక్కని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ బాగా కరిగి మెత్తటి జిలాటిన్ కావాలంటే 90 దాకా పోనివ్వాలి. థర్మామీటర్ లేకపోతే పట్టకారుతో ఒక చివర పట్టి ఎత్తు. వంగి, పైన మాంసం చీలబోతున్నట్టుంటే సరిపోయింది. ఎముక ఊడి చేతికొస్తే అతిగా ఉడికినట్టే, అదే గొప్పని కొందరంటారు గానీ నేనొప్పుకోను.

ఇక అసలు పని. ఫాయిల్‌లో (కుక్కరైతే అడుగున) మిగిలిన రసం మీద కొవ్వు తీసేసి, టొమాటో సాస్, కాస్త వెనిగర్ వేసి చిక్కబడేదాకా మరిగించు. ముక్కల పైతడి పేపర్ టవల్‌తో అద్ది తీసేసి, ఈ సాస్ పల్చగా పూసి, ఓవెన్ గ్రిల్ కింద రెండు మూడు నిమిషాలు పెట్టు. బుడగలొచ్చి అంచులు నల్లబడుతుండగా తీసి, ఇంకో పూత పూసి మళ్లీ పెట్టు. చక్కెర కదా, కళ్లు మూసి తెరిచేలోగా మాడుతుంది. ఫోన్ మోగినా అక్కణ్నుంచి కదలకు.

పది నిమిషాలు ఆగి, ఎముకల వైపు పైకి తిప్పి కోయి. కత్తి ఎక్కడ దిగాలో తెలుస్తుంది.

మీ బాబాయి