టెక్ సందేహాలు: సగం ఎల్ఫ్, పూర్తి టెన్షన్

ప్రశ్న: బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్ కొన్నాను. హాఫ్ ఎల్ఫ్ (సగం మనిషి, సగం ఎల్ఫ్) క్లెరిక్‌తో, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పాత్రతో ఆడదామంటే క్యారెక్టర్ స్క్రీన్ దాటలేకపోతున్నా. ఏ సబ్‌రేస్ (ఉపజాతి), ఏ డొమైన్ (క్లెరిక్ శక్తుల శాఖ), సామర్థ్యాలకి పాయింట్లు ఎలా పంచాలి? ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. నడుస్తుందా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మొదట్లోనే విథర్స్ అని ఎముకల గూడులాంటి పెద్దాయన ఒకరు తగులుతారు, ఆయన చేతిలో 100 బంగారు నాణేలు పెడితే క్లాసు, డొమైను, పాయింట్లు అన్నీ ఎన్నిసార్లయినా మార్చేస్తారు. రేస్ మాత్రం ఆయన వల్ల కాదు. కాబట్టి బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది సబ్‌రేస్ దగ్గరే.

హై హాఫ్ ఎల్ఫ్‌కి ఒక విజర్డ్ క్యాంట్రిప్, అంటే ఎన్నిసార్లయినా వాడుకునే చిన్న మంత్రం, ఉచితం. కానీ అది ఇంటెలిజెన్స్‌తో పనిచేస్తుంది, క్లెరిక్‌కి దాన్ని ఎలాగూ 8 దగ్గరే వదిలేస్తాం, అందుకే నిప్పు విసిరే ఫైర్ బోల్ట్ తీసుకుని గురి కుదరట్లేదని తిట్టుకునే బదులు, దూరం నుంచి పనులు చేసిపెట్టే మాయా చేయి మేజ్ హ్యాండ్ తీసుకోండి. డ్రౌ హాఫ్ ఎల్ఫ్‌కి 3వ లెవెల్లో ఫేరీ ఫైర్, 5లో డార్క్‌నెస్ మంత్రాలు వస్తాయి, ఫర్వాలేదు. నా ఓటు మాత్రం వుడ్ హాఫ్ ఎల్ఫ్‌కే. పోరాటంలో ఒక్కో టర్న్‌కి (వంతుకి) 9 మీటర్ల బదులు 10.5 మీటర్లు కదులుతుంది. ఒకటిన్నర మీటరేగా అంటారా? 5వ లెవెల్లో స్పిరిట్ గార్డియన్స్ వచ్చాక చూడండి, మీ చుట్టూ 3 మీటర్ల మేర తిరిగే ఆ స్పెల్‌ని శత్రువుల మధ్యకి మోసుకెళ్లాల్సింది మీరే.

డొమైన్ అంటే అందరూ లైఫ్ అంటారు, రోజంతా గాయాలు మాన్పుతూ కూర్చోవడం నాకైతే బోరు. ఆట మొదట్లోనే తోడొచ్చే షాడోహార్ట్ కూడా హాఫ్ ఎల్ఫ్ క్లెరిక్కే, ట్రిక్కరీ డొమైన్. వైద్యం ఆమెకి అప్పగించి మీరు లైట్ డొమైన్ తీసుకోండి, 5వ లెవెల్లో గుంపుని ఒకేసారి కాల్చే ఫైర్‌బాల్ చేతికొస్తుంది.

ఇక 27 పాయింట్లు: విజ్‌డమ్ 15, కాన్‌స్టిట్యూషన్ 15, డెక్స్‌టెరిటీ 14, స్ట్రెంత్ 10, మిగతా రెండూ 8. వీటికి అదనంగా ఆట ఇచ్చే +2 విజ్‌డమ్‌కి, +1 కాన్‌స్టిట్యూషన్‌కి వేయండి. క్లెరిక్‌కి కాన్‌స్టిట్యూషన్ అంత ఎందుకంటే, ముగ్గురికి దన్నుగా ఉండే బ్లెస్ మంత్రం మీ ఏకాగ్రత మీదే నిలబడుతుంది, దెబ్బ తగిలినప్పుడల్లా అది చెదరకుండా కాపాడేది ఈ స్కోరే. డెక్స్‌టెరిటీ 14 దాటించినా రక్షణకి లాభం లేదు, మీడియం ఆర్మర్ (మధ్యరకం కవచం) దాన్నుంచి +2కి మించి వాడుకోదు.

ల్యాప్‌టాప్ సంగతికొస్తే, 8 జీబీ ర్యామ్, 4 జీబీ కార్డు అంటే కంపెనీ చెప్పిన కనీస స్థాయే. సెట్టింగ్స్ లోలో పెట్టి, ఎఫ్‌ఎస్‌ఆర్ (బొమ్మని తక్కువ సైజులో గీసి పెద్దది చేసి, కార్డు మీద భారం తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసి ఆడొచ్చు, మూడో అంకంలో నగరంలోకి వెళ్లాక నత్తనడక నడిస్తే మాత్రం కంగారు పడకండి. అసలు చిక్కు హార్డ్ డిస్క్‌తోనే. ఈ ఆటకి 150 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే స్టోరేజ్, కావాలి. డబ్బులు ఒక్కదానికే ఉంటే ర్యామ్ సంగతి తర్వాత చూసుకుని ముందు అది వేయించండి.